ట్రంపెట్‌కు ముందు ఊపిరి

రోజారమణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను వేరే ధ్యాసలో పడిపోయిన కాసేపట్లో, తనకు దగ్గరగా ఉన్న మనిషికి ఊపిరి అందకుండా పోతుందేమోనని. ఆ మనిషి అంటే ఆమె దృష్టిలో కూతురు ప్రత్యూషే. ఇంకా సరిగ్గా నడక రాని పిల్ల. చలిగాలి తగిలినా, మేత బస్తాలు దులిపిన దుమ్ము లేచినా, ఆ చిన్న రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. పోయిన వానాకాలంలో ఒకసారి పెదాలు నీలంగా తిరిగితే ఆటోలో కావలి ఆసుపత్రికి పరుగెత్తారు. ఆనాటి నుంచి రోజారమణి చెవులు ఆ పిల్ల రొమ్ము మీదే కాపురం పెట్టాయి. వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా, ఎవరితో మాట్లాడుతున్నా ఒక చెవి అటే.

అట్లాంటి మనిషికి ఈమధ్య ఇంకో ధ్యాస పట్టుకుంది. దాని పేరు ఏంజెలిన్.

ఎక్కడ ఆగామో ఒకసారి చెప్పుకుందాం. రోజారమణి మొగుడు గణేష్ అల్లూరులో రొయ్యల మేత కొట్టు పైన గది తీసుకుని పాటలు రికార్డు చేస్తుంటాడు. రొయ్యల చెరువుల ఆసామి నరేంద్రబాబు గారు కొడుకుని హీరోగా పెట్టి ఒక చిన్న సినిమా తీస్తూ, పాటల పని గణేష్‌కి అప్పగించారు. పాటలో ట్రంపెట్ కావాల్సొచ్చింది. బిట్రగుంట రైల్వే కాలనీలో జడ్సన్ అని ఒకాయన ఉండేవాడు, పెళ్ళి బ్యాండుల్లో ఆయన ట్రంపెట్ ఊదితే ఊరేగింపు ఆగి వినేదట. గణేష్ ఆయన కోసం పోతే, ఆయన పోయి చాలా కాలమైందనీ కూతురు ఊదుతుందనీ చెప్పారు. అట్లా వచ్చింది ఏంజెలిన్. రెండోసారి ఆమె వచ్చిన రోజు మధ్యాహ్నం టీ పట్టుకుని పోయిన రోజారమణి, కింద వాకిట్లో నిలబడి మేడమెట్ల మీద ఒక దృశ్యం చూసింది. ఏంజెలిన్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూచుని ఉంది. గణేష్ పక్కనే కూచుని ఆమె వీపు నిమురుతున్నాడు. రోజారమణి టీ గ్లాసులు కింది మెట్టు మీద పెట్టి, వచ్చిన దారినే ఇంటికి తిరిగొచ్చేసింది. ఆ మాట మొగుడిని అడగలేదు, అత్తకు చెప్పలేదు. మింగలేక, కక్కలేక అట్లాగే పెట్టుకుంది.

ఈరోజు అన్నాలయ్యాక గణేష్ ఫోను చేశాడు. పైకి రమ్మన్నాడు, నీ చెవులతో పని పడింది అన్నాడు.

పాప అప్పుడే నిద్రపోయింది. దింపితే లేస్తుందని, కొట్టు నాలుగిళ్ళ అవతలే గదా అని, భుజానే వేసుకుని బయలుదేరింది. అత్త కామమ్మ వాకిట్లో ఎండురొయ్యల తలలు తీస్తూ కూచుని ఉంది. కోడలు చెప్పులేసుకోవడం చూసి, ఇన్నాళ్ళకు నీకూ పిలుపొచ్చిందా అంది. ఊదే మనిషి వస్తే నాలుగు రోజులు పాటలే పాటలు, నువ్వు పోతే ఏం మోగుతుందో మేమూ వింటాంలే అని నవ్వింది. కామమ్మ నవ్వులో విషం ఉండదు. ఉప్పు ఉంటుంది, అంతే. అయినా రోజారమణికి అది తగలాల్సిన చోటే తగిలింది.

గది తలుపు తీయగానే చేపల వాసన. ఇసకపల్లి రేవులో పారేసిన ఐసుపెట్టెల థర్మాకోల్ తెచ్చి గణేష్ గోడలకు అతికించాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోదు. ఈరోజు దానితోపాటు ఇంకో వాసన కూడా ఉంది. ట్రంపెట్ మీటలకు వేసే నూనె వాసన. ఏంజెలిన్ వచ్చి వారం అవుతున్నా, ఆ ప్లాస్టిక్ కుర్చీ మైకు ముందు అట్లాగే ఉంది. ఇంట్లో పాప ఉయ్యాలను అడ్డమని రోజుకో మూలకు జరిపే మనిషి, ఆ కుర్చీని మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంచాడు.

గణేష్ విషయం చెప్పుకొచ్చాడు. పొద్దున నరేంద్రబాబు గారు ఫోను చేశారు. ఇప్పుడు అన్ని వాయిద్యాలూ కంప్యూటర్లోనే దొరుకుతుంటే మనిషిని పిలిపించడం ఎందుకని ఆయన కొడుకు అడిగాడట. మనిషో మిషనో నాకు అనవసరం, వినేవాడికి తేడా తెలిస్తేనే మనిషిని పెట్టు, సాయంత్రానికి తేల్చు అన్నారాయన. మనిషి నెగ్గితే సినిమాలో ఉన్న పాటలన్నీ ఏంజెలినే ఊదుతుంది. మిషను నెగ్గితే ఆమె ఇంక రానక్కర్లేదు.

"నాకు ఏది ఏదో ముందే తెలుసు. తెలిసినోడు వింటే ప్రయోజనం లేదు," అన్నాడు గణేష్. "నువ్వు విను. ఒకే వరస, నాలుగు సార్లు వస్తాది. మూడు మిషన్లవి, ఒకటి మనిషిది. మనిషిదేదో చెప్పు చాలు. నువ్వు ఏది చెప్తే అది పంపిచ్చేస్తా."

రోజారమణి పదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి. ఆమె మాట మీద ఏదన్నా తేలడం పెళ్ళయ్యాక ఇదే మొదలు. అది కూడా ఇట్లాంటి సంగతి. ఇంకొక ఆడమనిషి ఈ మెట్లు ఎక్కాలా వద్దా అనేది తన నాలిక మీదికొచ్చింది. పాపను ఎడమ భుజానికి మార్చుకుని కూచుంది. ఎడమ చెవికి పాప ఊపిరి తగులుతోంది. కుడి చెవికి గణేష్ హెడ్‌ఫోను ఆనించాడు.

కింద కొట్టువాడికి కేకేసి, బస్తాలు కాసేపు ఆపమని చెప్పి, మొదటిది వేశాడు.

వరస ఎత్తుకోవడమే ఒకే స్వరం గబగబా కొట్టుకుంటూ వస్తుంది. వినగానే రోజారమణికి నవ్వొచ్చింది. ఒక్కో దెబ్బా అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంది. ఇది టైలరు మిషనులా ఉంది మావా అంది. గణేష్ కూడా నవ్వాడు. ఎవరో ఒకసారి ఊదిన స్వరాన్ని మిషను పెట్టుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ తీస్తుందని, మంచి కంపెనీలవాళ్ళు ఒకే స్వరాన్ని ఐదారు సార్లు ఊదించి పెట్టుకుని వంతులవారీగా వదులుతారని చెప్పాడు. ఆ మాటలు చెప్పేటప్పుడు అతని కళ్ళు మెరుస్తాయి. పాపకు ఎన్ని పళ్ళొచ్చాయంటే తడుముకునే మనిషికి, ఏ మిషను ట్రంపెట్‌లో ఎన్ని ఊదుళ్ళు ఉన్నాయో మాత్రం నోటికొచ్చు.

రెండోది వేశాడు.

స్వరం రాకముందే ఏదో వచ్చింది. ఎవరో తలుపు సందులోంచి గాలిని లోపలికి లాక్కున్నట్టు చిన్న చప్పుడు. ఆ వెనకే ట్రంపెట్. రెండో దెబ్బ మొదటిదానికంటే రవ్వంత మెత్తగా, మూడోది తొందరగా. పైస్థాయికి పోయినప్పుడు స్వరం వెంట్రుకంత ఎక్కువ పోయి, సర్దుకుని దిగింది. గట్టిగా ఊదినచోట ఇత్తడికి కోపమొచ్చినట్టు గీరింది. ఆఖరి స్వరం నిండా నిలవలేదు, అంచున అరిగిపోయింది.

రోజారమణికి వెంటనే తెలిసిపోయింది. ఎడమ చెవిలో పాప తీస్తున్న ఊపిరికి, కుడి చెవిలో వచ్చిన ఊపిరికి చుట్టరికం ఉంది. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ ఊపిరి తోకన ఒక సన్నటి పోగు ఉంది, దారం లాగినట్టు. అదేమిటో ఆమె చెవి పట్టుకుంది కూడా. కానీ అప్పుడే కళ్ళు గణేష్ ముఖం మీద పడ్డాయి. అతను కళ్ళు అరమోడ్చి ఉన్నాడు. పెదాలు ఊదబోయేవాడిలా ముందుకొచ్చాయి. మంచి నిద్రలో ఉన్న పిల్లాడి ముఖంలా ఉంది ఆ ముఖం. పెళ్ళయిన కొత్తలో తను పాట పాడి వినిపించినప్పుడు కూడా ఆ ముఖం అట్లా కాలేదు. ఆ కుళ్ళుకు రోజారమణి చెవి మూసుకుపోయింది.

మూడోది చాలా గొప్పగా ఉంది. పెద్ద హాల్లో ఊదినట్టు చుట్టూ గంభీరం. అయితే మెత్తగా మొదలై గట్టిగా పెరిగే చోట రేడియో గొంతు పెంచినట్టుందే తప్ప, ఇత్తడి రంగు మారలేదు. నాలుగోది మరీ ఘటికురాలు. స్వరం నుంచి స్వరానికి జారుడుబల్ల మీద జారినట్టు వస్తుంది, వణకాల్సిన చోట వణుకుతుంది, కోప్పడాల్సిన చోట కోప్పడుతుంది. ఊదినవాళ్ళ చప్పుళ్ళేవీ దీంట్లో ఉండవట, గొట్టం లోపల గాలి ఎట్లా తిరుగుతుందో లెక్కకట్టి అప్పటికప్పుడు పుట్టిస్తుందట. ఆ మాట గణేష్ తర్వాత చెప్పాడు. రోజారమణికి మాత్రం వింటున్నంతసేపూ ఏదో ఇబ్బందిగా ఉంది. అయిపోయాక తెలిసింది, తను ఊపిరి బిగబట్టుకుని కూచుందని. అంత పొడుగు వరసలో అది ఒక్కచోట కూడా ఊపిరి తీసుకోలేదు.

"ఊఁ, చెప్పు," అన్నాడు గణేష్.

"నాలుగోది," అంది రోజారమణి.

"మళ్ళా ఒకసారి వినరాదా?"

"ఎందుకు? నాలుగోదే మనిషిది. తెలస్తానే ఉంది."

"మరి రెండోది?"

"అదా. అది మిషనే. మూలుగుతా ఉంది."

గణేష్ తన కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. దూరంగా చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఏంజెలిన్ ఊదిన రోజున బతిమాలి ఆపించిన ఏరేటర్లు అవి. అతను తనలో తను మాట్లాడుకున్నట్టు, నీకే తెలియలేదంటే ఇంక ఎవరికీ తెలియదులే అన్నాడు. ఏంజెలిన్‌కి ఫోను చేసి ఏదో ఒకటి చెప్పుకోవాలి అన్నాడు. గొంతు నీరసంగా ఉంది.

రోజారమణికి లోపల చల్లబడింది. ఆ కుర్చీ రేపు ఇంటికి తీసుకుపోయి కామమ్మకు వెయ్యొచ్చు. ఈ గదిలో మళ్ళీ ఉత్త చేపల వాసనే ఉంటుంది. పాప వీపు నిమురుతూ, వస్తున్న నవ్వును పాప జుట్టులో దాచుకుంది.

ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. గణేష్ ఉన్నట్టుండి ఇటు తిరిగాడు. ముఖం మళ్ళీ వెలిగింది. నాలుగోదానికి ఒకటే లోటు, అది ఊపిరి తీసుకోదు అన్నాడు. ఏంజెలిన్ ఊదినవాటిలోంచి ఊపిరి ముక్కల్ని కోసి దాని స్వరాల ముందు అతికిస్తే ఇంక దేవుడొచ్చినా పట్టుకోలేడన్నాడు. సినిమా అంతటికీ ఆ ముక్కలే సరిపోతాయట.

మనిషిని పంపించేసినా ఊపిరి మాత్రం ఇక్కడే ఉంటుందన్నమాట. మొగుడు పొద్దస్తమానం ఈ గదిలో కూచుని ఆమె ఊపిరిని కోసుకుంటూ, అతికించుకుంటూ, చెవుల్లో పెట్టుకుని వింటూ ఉంటాడన్నమాట.

"ఊపిరే గదా మావా," అంది రోజారమణి. "నాది తీసుకో."

గణేష్ హాయిగా నవ్వాడు. "ఊరికే తీసే ఊపిరి పనికిరాదు మే. ఊదబోయే మనిషి తీసేది వేరుగా ఉంటాది. ఉండు, వినిపిస్తా. నీకే తెలుస్తాది."

అతను కంప్యూటర్ తెర మీద ఏదో గీత పట్టుకుని అటూ ఇటూ కోశాడు. ట్రంపెట్ అంతా పోయి ఊపిరి ఒక్కటే మిగిలింది. దాన్ని పెద్దది చేసి, ఆగకుండా తిరిగి తిరిగి వచ్చేట్టు పెట్టి, హెడ్‌ఫోను పీకేసి స్పీకర్లలోకి వదిలాడు.

గది నిండా ఊపిరి. లోపలికి, మళ్ళీ లోపలికి, మళ్ళీ లోపలికి. ప్రతి ఊపిరి తోకనా ఆ పోగు. ఇప్పుడది పోగులా లేదు, తాడులా ఉంది. సన్నగా, పైకి, పిల్లి పిల్ల తల్లిని వెతుక్కుంటున్నట్టు.

రోజారమణి దిగ్గున లేచి నిలబడి పాప రొమ్ముకు చెవి ఆనించింది. పాప ఊపిరి తేటగా ఉంది. కూత స్పీకర్లోదే.

అప్పుడు మెట్లు గుర్తొచ్చాయి. మోకాళ్ళ మీద చేతులు, ముందుకు వంగిన వీపు, పైకెత్తిన భుజాలు. ఆ కూచోవడం తనకు తెలియనిదా. పిల్ల కూచునేది అట్లాగే గదా. ఆయాసమొచ్చినప్పుడు తన బుజ్జి చేతులు రెండూ నేలకు ఆనించి, ముందుకు వంగి, మెడ చాపి. ఆరోజు మెట్ల మీద మొగుడి చెయ్యి చూసింది గాని, ఆ చేతి కింద ఉన్న వీపుని చూడలేదు.

ఆరోజు మెట్ల మీద ఏం జరిగిందని అడిగింది. గణేష్ తెల్లబోయాడు. నువ్వు చూసినావా అన్నాడు. దాచాల్సింది ఏమీ లేనట్టే చెప్పాడు. ఊదీ ఊదీ ఆమెకు ఆయాసమొచ్చింది. కింద దుమ్ము నాకు పడలేదు అన్నా, మంచినీళ్ళు తాగితే పోతుంది అంది. కాసేపు వీపు రుద్దమంది. మళ్ళీ లేచి ఇంకోసారి ఊదింది. ఎవరితో అనొద్దని మాత్రం అడిగింది. ఆయాసం మనిషని తెలిస్తే బ్యాండువాళ్ళు పిలవరట. డీజే పెట్టెలొచ్చాక పిలుపులే తక్కువ, ఉన్నవి కూడా పోతాయి అందట. తర్వాత బస్సెక్కి వెళ్ళిపోయింది. ఇంట్లో ఎవరున్నారంటే, ఎవరూ లేరు, జడ్సన్ గారి తర్వాత ఒక్కతే.

"మళ్ళా మాట్లాడినావా ఆమెతో?"

"నిన్న చేసినా. ఎత్తలా. యాడన్నా పెళ్ళికి పోయుంటాదిలే అనుకున్నా."

"మావా, అది దుమ్ము కాదు. పిల్లికూత. మన పాపకొచ్చేదే. ముదిరింది కూడా."

గణేష్ స్పీకరు వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఎంతో ఇష్టంగా విన్న చప్పుడు వైపు, మొదటిసారి భయంగా చూశాడు. ఇంత పెద్దది చేశాక కూడా నాకు తెలియలేదే అన్నాడు. నీకెప్పుడు తెలిసింది అని అడిగాడు.

అబద్ధం చెప్పడానికి అదే సందు. ఇప్పుడేనంటే సరిపోయేది.

"ఇందాకే. మొదటిసారి విన్నప్పుడే."

"మొదటిసారే తెలిస్తే రెండోది మిషనని ఎందుకు చెప్పినావు?"

స్పీకర్లో ఊపిరి తిరుగుతూనే ఉంది. రోజారమణి పాపను ఇంకొంచెం గట్టిగా హత్తుకుంది.

"ఆయమ్మి మళ్ళా ఈ మెట్లెక్కకూడదని."

గణేష్ తిట్టలేదు. తిడితే బాగుండేది. భార్య ముఖంలోకి కొత్తగా చూసినట్టు చూసి, చూపు తిప్పుకుని ఫోను తీశాడు. గణేష్ అన్నా అని పిలుస్తుంది ఏంజెలిన్ అతన్ని. ఆ అన్నా అనే పిలుపుని కూడా రోజారమణి ఇన్ని రోజులూ నమ్మలేదు.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఆగిపోయింది. ఇంకోసారి చేసి, బయటికి వినపడేట్టు బల్ల మీద పెట్టాడు. ఈసారి ఎవరో ఎత్తారు.

హలో అనలేదు. అన్నా అనలేదు. ఊపిరి వచ్చింది. లోపలికి, తోకన పోగుతో. స్పీకర్లో తిరిగేదీ ఫోన్లోదీ ఒకటే అయిపోయి, ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో తెలియకుండా కలిసిపోయాయి. అంతలో ఫోన్లోది తెగిపోయింది.

గణేష్ బండి తాళం అందుకున్నాడు. రోజారమణి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటికి పోయి పాప మందు మిషను పట్టుకుపో అంది. తెల్లటి చిన్న పెట్టె, మూతికి పెట్టే గొట్టం, మందు సీసాలు. కావలి డాక్టరు ఎక్కడికి పోయినా వెంట ఉంచుకోమన్నది. రోజారమణి పుట్టింటికి పోయినా దాన్ని సంచిలో పెట్టుకోకుండా ఊరు దాటింది లేదు. పాపకొస్తే ఎట్లా అన్నాడు గణేష్. రాదులే అంది. అన్నంత ధైర్యం ఏమీ లేదు. పిల్లదానికి పోసినంత సరిపోదు, ఎంత పొయ్యాలో మన డాక్టరుకు ఫోను చేసి అడుగు, దారిలో ఆసుపత్రి బండికి కూడా ఫోను చెయ్యి అని మెట్ల దాకా వెనకే వచ్చి చెప్పింది.

నిజం చెప్పాలంటే ఆ మిషను ఇవ్వడంలో ఇంకో ముల్లు కూడా ఉంది. మందు మిషనంటూ చేతిలో ఉంటే, ఆసుపత్రి బండి వచ్చేదాకా అతను ఆమె వీపు నిమరాల్సిన పని ఉండదు. ఆ ఆలోచన తనకొచ్చిందని తెలిసి రోజారమణి తన మీద తనకే అసహ్యపడింది. అసహ్యపడ్డా అది పోలేదు.

మేడ మీది నుంచి చూస్తుంటే, ఇంట్లో దూరి పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు గణేష్. బండి ఎక్కాడు. వాకిట్లో కామమ్మ, చెప్పుల్లేకుండా యాడికిరా అని అరుస్తోంది. అవును, చెప్పులు వేసుకోలేదు. పాపకు పెదాలు నీలంగా తిరిగిన రోజున అతను చెప్పులు వేసుకునే వచ్చాడా, లేదా? ఎంత గుర్తు చేసుకున్నా రోజారమణికి గుర్తు రాలేదు.

గదిలోకి తిరిగొచ్చింది. సముద్రం వైపు నుంచి సాయంత్రపు గాలి మొదలైంది. కింద మళ్ళీ బస్తాలు దులుపుతున్నారు. స్పీకర్లో ఆ ఊపిరి ఇంకా తిరుగుతూనే ఉంది. గణేష్ ఆపడం మరిచిపోయాడు. ఏ మీట నొక్కితే ఆగుతుందో రోజారమణికి తెలియదు. తెలిసినా ఇప్పుడు ఆపడానికి చెయ్యి వచ్చేది కాదు. మైకు ముందున్న కుర్చీలో కూచుంది. భుజం మీద పాప కదిలింది, చిన్నగా దగ్గింది. మందు మిషను ఊళ్ళో లేకుండా వచ్చిన మొదటి దగ్గు.

గణేష్ బండి ఇంకా అల్లూరు చెరువుల గట్లే దాటలేదు. బిట్రగుంట చేరడానికి చాలా సేపు పడుతుంది. ఇది చదువుతున్న మీలో ఎవరన్నా ఆ రైల్వే కాలనీకి దగ్గరగా ఉంటే, దయచేసి లేవండి. చర్చి వెనక వరసలో చివరి ఇల్లు, కిటికీ కమ్మీకి ట్రంపెట్ సంచి తగిలించి ఉంటుంది. తలుపు తట్టండి. పలక్కపోతే పెళ్ళికి పోయిందిలే అని తిరిగిపోకండి. తలుపుకు చెవి ఆనించి, ఊపిరి వినపడుతుందేమో ఒక్కసారి చూడండి.